ఆసిఫాబాద్ ఇప్పపువ్వు: చూశా, వాసన పీల్చా, తిన్నా

టొరంటోలో ఉండే మా బావ ఫిబ్రవరిలో ఒక వీడియో పంపాడు. కెనడాలో గంజాయి 2018 నుంచి చట్టబద్ధం కదా. అక్కడి దుకాణాల్లో అమ్మే రకాలను ఒకాయన తీరిగ్గా కూర్చుని రివ్యూ చేస్తున్నాడు. ముందు పువ్వు రంగు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన. చివరికి రుచి. ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు. మనం బిర్యానీకి వేసినట్టే!

కింద బావ మెసేజ్: ‘ఏం బామ్మర్దీ, మీ ఆసిఫాబాద్‌లోనూ దొరుకుతుందటగా. నువ్వూ ఒక రివ్యూ చెయ్.’

‘బావా, ఇక్కడ ఆ పువ్వుతో దొరికితే రివ్యూ చేసేది జడ్జిగారు’ అని రిప్లై ఇచ్చా. జోక్ కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

ఫోన్ పక్కన పెట్టాక ఇంకో పువ్వు గుర్తొచ్చింది. అదీ మా అడవిదే. దాన్ని ఏరుకున్నందుకు జైలుండదు. కానీ పేరు చెప్పగానే జనం నోటెంట వచ్చే మాట మాత్రం ‘సారా’.

ఇప్పపువ్వు.

దానికి నేను ఎనిమిదో తరగతిలోనే ఒక రివ్యూ ఇచ్చేశా. రుచి చూడకుండానే. అది తప్పుడు రివ్యూ. సరిచేసుకుందామనే మార్చి చివర్లో ఊరికి బయల్దేరా.

ఎనిమిదో తరగతి, ఒంటిపూట బడి

మాది ఆసిఫాబాద్ టౌన్. మా క్లాసులో హాస్టల్లో ఉండే గోండు పిలగాడు ఒకడుండేవాడు. బెంచీలో నా పక్కనే. లెక్కల్లో నాకంటే ముందు. ఒంటిపూట బడులు మొదలైన కొత్తలో, ఒక సోమవారం ఊరి నుంచి వస్తూ స్టీలు డబ్బా తెచ్చాడు. ఇంటర్‌వెల్‌లో మూత తీశాడు. లోపల గోధుమ రంగులో, జిగటగా, ఉడకబెట్టిన పువ్వులు.

‘తింటవా?’ అని డబ్బా నా వైపు జరిపాడు.

నేను వాసన చూసి, క్లాసంతా వినబడేలా అరిచా: ‘అరేయ్, వీడు సారా పువ్వు తెచ్చిండ్రా!’

అందరూ నవ్వారు. ఎవడో పోయి చెప్పాడు. సార్ ఒకాయన వచ్చి వాడి నోరు తెరిపించి వాసన చూశాడు. ఏమీ లేదని తేలింది, కానీ అప్పటికే అయిపోయింది. వాడు డబ్బాకు మూత పెట్టి, కొళాయి దగ్గరికి పోయి పారబోసి వచ్చాడు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నాలుగు రోజులకు మళ్లీ మాట్లాడుకున్నాం. ఆ ముచ్చట మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. వాడూ, నేనూ.

ఇప్పుడు వాడు ఊళ్లోనే పత్తి, కంది వేస్తాడు. మిగతా రోజుల్లో ఆటో నడుపుతాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. వాట్సప్‌లో పండగ మెసేజ్‌లు నడుస్తుంటాయి. ‘ఇప్పపువ్వు రాలుడు చూద్దామని ఉంది, రావొచ్చా?’ అని అడిగితే ఒక్కటే ముక్క రాశాడు: ‘రా.’

రూపం

సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. పేరులో ఆసిఫాబాద్ ఉన్నా స్టేషన్ ఉన్నది రెబ్బెన మండలంలో. అక్కణ్నుంచి టౌన్ ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాత్రి ఇంట్లో పడుకుని, మర్నాడు సాయంత్రం దోస్తు ఆటోలో కెరమెరి వైపు పోయాం. మెయిన్ రోడ్డు దిగి మట్టిబాట పడితే వాళ్ల గూడెం. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లా అయ్యి కుమురం భీం పేరు పెట్టుకున్నాక టౌన్ చాలా మారింది. ఈ బాట మాత్రం నేను చిన్నప్పుడు చూసినట్టే ఉంది.

తెల్లారుజాము నాలుగున్నరకు దోస్తు వాళ్ల అవ్వ లేపింది. చేతిలో టార్చి, నెత్తిన గంప. ముగ్గురం గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాం. ఎందుకంటే ఎలుగుబంటికి ఇప్పపువ్వంటే ప్రాణం. చప్పుడు లేకుండా పోతే అదీ మనమూ ఒకే చెట్టు కింద కలుస్తాం!

చెట్టు దగ్గరికి పోయేసరికి ముందు చెవులకే తెలిసింది. టప్. కాసేపాగి టప్, టప్. ఎవరో పైన కూర్చుని ఒక్కో ద్రాక్షపండు జారవిడుస్తున్నట్టు. ఇప్పపువ్వును ఎవరూ కొయ్యరు. చెట్టు ఊపరు, కొమ్మ వంచరు. రాత్రి విచ్చుకుంటుంది, తెల్లారేసరికి దానంతట అదే రాలుతుంది. రాలిందాన్నే ఏరుకుంటారు.

పైన చెట్టుకు ఆకు దాదాపు లేదు. కొమ్మ చివర్న గుత్తులు గుత్తులుగా మొగ్గలు, మఖ్‌మల్ గుడ్డ లాంటి ముదురు కాడలు. కింద నేల మీద పాత చీరలు పరిచి ఉన్నాయి. వాటి మీద మీగడ రంగు పువ్వులు.

ఒకటి చేతిలోకి తీసుకున్నా. మల్లెపువ్వులా పలచని రేకులుంటాయనుకున్నా. కాదు. కండ ఉంది. గోళీ అంత, నొక్కితే రసం ఉన్నట్టు మెత్తగా. తమాషా ఏంటంటే పువ్వుకు ఆ చివర ఈ చివర రంధ్రం. రాలేటప్పుడు గర్భకేసరం చెట్టుకే ఉండిపోతుంది, చుట్టూ ఉన్న తియ్యటి గిన్నె మాత్రమే ఊడిపడుతుంది. అంటే మనం తినేది తింటాం, కాయ కాసే భాగం చెట్టు దగ్గరే భద్రం. మేలో, జూన్‌లో కాయ పండితే గింజల నుంచి నూనె తీస్తారు. ఒకే చెట్టు, రెండు పంటలు.

‘చీరలెందుకవ్వా?’ అని అడిగా.

‘కొందరు ఆకులకు అగ్గి పెడ్తరు బిడ్డా. నేల సాపుగైతది, పువ్వు మంచిగ కానొస్తది. గని ఆ అగ్గి ఊకుంటదా? అడవిల పడ్తది. చీర పరిస్తే అగ్గి వద్దు, మన్ను అంటది.’

రూపానికి నా మార్కులు పదికి 9. ఒక్కటి తగ్గించింది నా ఫోన్ కెమెరా వల్ల. ఆ చీకట్లో రాలే పువ్వును అది పట్టలేకపోయింది.

వాసన

ఇక్కడ నిజం చెప్పాలి. పచ్చి ఇప్పపువ్వు వాసన అందరికీ నచ్చదు.

ముందు పండిన సపోటా వాసన కొట్టింది. అందులో వింతేం లేదు, ఇప్ప, సపోటా ఒకే కుటుంబం చెట్లు. దాని వెనక పాత బెల్లం డబ్బా. ఇంకా గట్టిగా పీలిస్తే అడుగున ఇంకోటి ఉంది. ఎక్కడో తెలిసిన వాసనే, పేరు దొరకలేదు. చెట్టు పైన రెక్కల చప్పుడైతే తల ఎత్తా. గబ్బిలాలు. అప్పుడు వెలిగింది! పాత గుడి మండపంలోకి పోతే వచ్చే వాసన అది. ఈ చెట్టుకు రాత్రిపూట చుట్టాలు గబ్బిలాలే. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేర్చేది అవే. వాటిని పిలవడానికి వేసుకున్న అత్తరు మన ముక్కుకు కొంచెం ఘాటుగా ఉంటే తప్పు పువ్వుది కాదు.

ఎండాక వాసన పూర్తిగా వేరు. ఇంటి ముందు సాన్పు చల్లిన వాకిట్లో నాలుగైదు రోజులుగా ఆరుతున్న పువ్వు ఉంది. ఆ గబ్బిలం వాసన ఎగిరిపోయింది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, కాస్త పొగ తగిలిన బెల్లం.

మంచి సరుకు ఏదో అవ్వ చూపించింది. లేత గోధుమ రంగులో, ఎర్రటి మెరుపుతో ఉండాలి. పిడికిట పట్టి నొక్కితే ఒకదానికొకటి అంటుకోవాలి, వదిలితే మెల్లగా విడాలి. వానకు తడిస్తే నల్లబడుతుంది. మూలన ఇంకో గంప చూపించి ‘గిది వాసన చూడు’ అంది. పులిసిన వాసన, ముక్కు వెనక్కి తీసుకున్నా. ‘ఒక్క రాత్రి తడిసింది, ఖరాబైంది. గిది పసులకు’ అంది. ఆ గంప వైపు చూడకుండానే వాసన బట్టి చెప్పగలదు. మా బావ పంపిన వీడియోలో ఆయన ఈమె ముందు ఎల్‌కేజీ.

పచ్చి పువ్వు వాసనకు 6, ఎండిన పువ్వుకు 9.

రుచి

పొద్దెక్కాక పొయ్యి మీద గిన్నె పెట్టింది. ఎండు పువ్వులో మిగిలిన సన్నటి కేసరాలు దులిపి, కడిగి, ఇసుక కిందికి దిగేదాకా నీళ్లు మార్చి, ఉడకబెట్టింది. కొన్ని పెనం మీద దోరగా వేయించి, నువ్వులతో కలిపి రోట్లో దంచి ముద్దలు చేసింది. పక్కన జొన్నరొట్టె.

అంతకుముందే చెట్టు కింద పచ్చి పువ్వు ఒకటి నోట్లో వేసుకున్నా. కొరకగానే రసం చిమ్మి తియ్యగా తగిలింది. తేనె కంటే పలచన, చెరుకురసం కంటే చిక్కన. మింగాక గొంతు చివర సన్నటి చేదు, వగరు. రెండోది తినబోతే దోస్తు ఆపాడు. ‘పచ్చివి ఎక్కువ తింటే కడుపుల తిప్పుతదిరా.’

ఉడికిన పువ్వు గిన్నెలో పెట్టి నా ముందుకు జరుపుతూ అవ్వ అంది:

‘తిను బిడ్డా. నీకు ఇది ఇష్టమే గదా. గప్పుడు బడిల డబ్బా మొత్తం నువ్వే తిన్నవట. మా పిలగాడు చెప్పిండు.’

నేను దోస్తు వైపు చూశా. వాడు రొట్టె తుంచుకుంటూ తల ఎత్తలేదు.

తిన్నా. ఉడికితే చేదు పోయి, అంజీర పండులా మెత్తగా అయ్యింది. తీపి ముందుకు రాదు, నమిలే కొద్దీ వస్తుంది. జొన్నరొట్టెలో ఉండే మట్టి రుచికి సరిగ్గా జోడీ. నువ్వుల ముద్ద ఇంకా బాగుంది. కమ్మదనం, తీపి, చివర్లో కాల్చిన వాసన. నేను నాలుగు తిన్నా. అవ్వ ఐదోది పెట్టింది.

రుచికి 8. నా ఎనిమిదో తరగతి రివ్యూకు సున్నా.

మరి మత్తెక్కడిది?

నాలుగు ముద్దలు తిన్నా నాకు ఏమీ కాలేదు. కాదు కూడా. ఇప్పపువ్వులో మత్తు లేదు. ఎండిన పువ్వులో సగానికి పైగా ఉండేది చక్కెరే. దాన్ని నీళ్లలో నానేసి పులియబెడితే ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, బట్టీ పెట్టి ఆవిరి పట్టితే ఇప్పసారా. ఇదే పని ద్రాక్షతో చేస్తే వైన్, బెల్లంతో చేస్తే గుడుంబా. మరి మనం ద్రాక్షను మందుపండు అనం, బెల్లాన్ని సారా గడ్డ అనం. ఇప్పపువ్వుకే ఆ పేరెందుకు?

కొంత జవాబు చరిత్రలో ఉంది. 1892లో బ్రిటిష్ వాళ్లు బొంబాయి ప్రెసిడెన్సీలో మౌరా చట్టం తెచ్చారు. మౌరా అంటే ఇప్పే. సారా మీద కాదు, ఠాణే, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరడం, దాచుకోవడం మీదే ఆంక్షలు! జనం ఇంట్లో కాచుకుంటే సర్కారు సారా ఎవరు కొంటారన్నది వాళ్ల బాధ. నిజాం రాజ్యంలోనూ ఆబ్కారీ అంటే ఖజానాకు పెద్ద ఆదాయం. అడవి మీద సర్కారు పట్టు బిగిసిన ఆ కాలంలోనే కుమురం భీం జల్, జంగల్, జమీన్ అని లేచాడు. 1940లో ఆయన నేలకొరిగిన జోడేఘాట్ ఈ కెరమెరి మండలంలోనే ఉంది. ఆ తర్వాత గోండుల మధ్య బతికి వాళ్ల గురించి రాసిన హైమన్‌డార్ఫ్ ఉన్న మార్లవాయి కూడా ఈ జిల్లాలోనే, జైనూరు మండలంలో.

సారాను నేను వెనకేసుకు రావట్లేదు. తాగుడుతో చితికిన ఇళ్లు ఆ గూడెంలోనూ ఉన్నాయి, మా గల్లీలోనూ ఉన్నాయి. కాచి అమ్మితే మన దగ్గర కేసే. అదే మధ్యప్రదేశ్‌లో అయితే ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, అలీరాజ్‌పూర్ ఆదివాసీలతో తయారు చేయించి సీసాల్లో అమ్ముతున్నారు. కొండకు అటు వారసత్వం, ఇటు నేరం. మధ్యలో పువ్వు మాత్రం ఒక్కటే.

పువ్వు సంగతికొస్తే చట్టం ఇప్పుడు ఆదివాసీ పక్కనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను ఏరుకునే, అమ్ముకునే హక్కు వాళ్లకిచ్చింది. ఎండిన ఇప్పపువ్వుకు 2020లో కేంద్రం కిలోకు 30 రూపాయల మద్దతు ధర పెట్టింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతోంది. 2025 మార్చిలో ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా ఆదిలాబాద్ జిల్లాలో ఇప్పపువ్వుతో చేస్తున్న వంటకాల గురించి చెప్పారు. అవే పువ్వులు. మా క్లాసులో కొళాయి కింద పారబోసినవి.

వాడేమన్నాడంటే

సాయంత్రం వాగు ఒడ్డున కూర్చున్నాం. ముందు గంజాయి సంగతి అడిగా, బావ వీడియో చూపించి. వాడు నవ్వలేదు. ‘బయటోడొచ్చి పైసలాశ పెడ్తడు, ఇత్తులిస్తడు. పత్తి చేన్ల నడుమ ఏస్తరు. పోలీసులొస్తే వాడుండడు. జైలుకు పోయేది మావోడు’ అన్నాడు. కాసేపాగి, ‘ఒక్క కేసైతే ఊరు మొత్తానికి గదే పేరు’ అన్నాడు.

ఆ ‘పేరు’ అన్న మాట దగ్గర నేను ఆగలేకపోయా.

‘గా డబ్బా ముచ్చట.. తప్పయిందిరా’ అన్నా.

‘ఇడ్సిపెట్టురా. చిన్న పోరగాళ్లం.’

‘మీ అవ్వకు గట్ల ఎందుకు చెప్పినవ్?’

వాడు వాగులోకి ఒక రాయి విసిరాడు. ‘మీరు నవ్వింది గాదురా యాదికున్నది. ఆ ఆదివారం మా అవ్వ పొద్దుగాల మూడింటికి లేచింది. నా దోస్తులకని ఏరి, ఎండినవి ఏరి, ఉడకవెట్టి ఇచ్చింది. మల్ల ఇంటికి పోతే అడిగింది, డబ్బా ఖాళీ అయ్యిందా, అందరు తిన్నరా అని. ఏం జెప్పాలె? నువ్వే మొత్తం తిన్నవని చెప్పిన. మస్తు ఖుషైంది. ప్రతి ఏడు పువ్వు రాలంగనే నీ ముచ్చటే తీస్తది.’

అన్నేళ్లుగా ఆ ఇంట్లో నేను మంచోణ్ని. వాడు చెప్పిన అబద్ధం మీద.

అవ్వకు నిజం చెప్పాలా అని అడిగా. ‘ఎందుకు? ఇప్పుడైతే తిన్నవ్ గదా’ అన్నాడు.

పోవాలనుకుంటే

పువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఎండ ముదరకముందే పోవాలి. కెరమెరి మీదుగా ఉట్నూరు పోయే ఘాట్ రోడ్డు, జోడేఘాట్, మార్లవాయి ఒకే రోజులో చూడొచ్చు. చెట్టు కింద పువ్వు కనిపించగానే ఏరకండి. అడవిలో ఉన్నా చాలా చెట్లకు ఫలానా ఇంటివాళ్లు ఏరుకుంటారన్న లెక్క ఉంటుంది. అడగండి, పెడతారు. పెడితే, వద్దనకండి.

తిరుగు రైల్లో నా ఒళ్లో స్టీలు డబ్బా. అవ్వ కట్టిచ్చిన నువ్వుల ముద్దలు. మంచిర్యాల దాటాక మూత తీశా. ఎదురు సీట్లో ఉన్నావిడ అటూ ఇటూ చూసి, ‘ఏం స్వీట్ బాబూ? వాసన కొత్తగా ఉంది’ అంది.

‘ఇప్పపువ్వు ఆంటీ. తినండి.’

‘అంటే.. సారా కాస్తారు, అదేనా?’

పక్కన ఇద్దరు తలలు తిప్పారు. ‘ఆ పువ్వే. ఇది లడ్డూ’ అన్నా. ఆవిడ మొహమాటానికి ఒకటి తీసుకుని, టిష్యూలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ఇంటికి పోయాక తింటానంది. తిన్నదో, కిటికీలోంచి పడేసిందో నాకు తెలీదు.

నేను మాత్రం కాజీపేట దాకా డబ్బాకు మూత పెట్టలేదు.